చిట్టెలుకలో చర్మకణాలను, చర్మకణితులను నాటే విధానం: పరిశోధనశాలకు కొత్తగా వచ్చినవారి కోసం

చిట్టెలుక చర్మంలో కణాలను నాటే పనిలో సూది పట్టుకుని గడిపే సమయం ఒక్కో జంతువుకు నిమిషం మించదు. ఆ నిమిషం ఫలిస్తుందా లేదా అన్నది మాత్రం అంతకు ముందే చాలావరకు తేలిపోయి ఉంటుంది. ఏ చిట్టెలుకను ఎంచుకున్నాం, కణాలు ఏ స్థితిలో ఉన్నాయి, వాటిని చర్మంలో ఏ పొరలో దించబోతున్నాం అన్న మూడు ప్రశ్నలకు ముందుగా జవాబు చెప్పుకున్నవారికి చెయ్యి తిరగడం పెద్ద కష్టం కాదు. చెప్పుకోనివారికి చెయ్యి ఎంత తిరిగినా ఫలితం నిలకడగా రాదు. కాన్సర్ జీవశాస్త్రంలోనో చర్మ పరిశోధనలోనో కొత్తగా పిహెచ్‌డీలో చేరినవారిని, యానిమల్ హౌస్‌లో శిక్షణ పొందుతున్న సిబ్బందిని దృష్టిలో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను. దీన్ని చదివి ఒంటరిగా జంతువు మీద చెయ్యి వేయవద్దు. అనుభవం ఉన్నవారి పక్కన నిలబడి నేర్చుకునేటప్పుడు వారి ప్రతి కదలికకూ కారణం తెలియాలన్నదే నా ఉద్దేశం.

అనుమతి, జంతువుల రాక

మన దేశంలో ఈ పని 1960 నాటి జంతు హింస నివారణ చట్టానికి, దాని కింద 1998లో వచ్చిన నియమాలకు లోబడి జరగాలి. సంస్థలోని జంతు నీతి సంఘానికి ఫారం-బి సమర్పించి అనుమతి పొందిన తరువాతే జంతువులను తెప్పించుకోవాలి. కణితి మనిషి నుంచి తీసినదైతే రోగి సమ్మతి, మానవ పరిశోధనల నీతి సంఘం అనుమతి కూడా కావాలి. కణాల్లో జన్యువులు మార్చి ఉంటే జీవభద్రతా సంఘానికీ చెప్పాలి. ఫారంలో ఎన్ని జంతువులు కావాలి, అన్ని ఎందుకు అని అడిగే చోట చాలామంది పాత ఫారంలోని అంకెనే ఎక్కించేస్తారు. అది మంచి పద్ధతి కాదు. మీ చేతిలో కణితులు ఎంత ఎగుడుదిగుడుగా పెరుగుతాయో తెలిస్తే తప్ప ఆ అంకె లెక్కకట్టలేరు. అందుకే మూడు నాలుగు జంతువులతో ఒక చిన్న తొలి ప్రయోగానికి విడిగా అనుమతి అడగడం మేలు.

ఈ విషయంలో హైదరాబాదు వారికి ఒక వెసులుబాటు ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ప్రాంగణంలో నడిచిన ప్రయోగశాల జంతు కేంద్రం దశాబ్దాల పాటు దేశమంతటికీ జంతువులను అందించింది. ఆ తరువాత జినోమ్ వ్యాలీలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పెద్ద జంతు వనరుల కేంద్రాన్ని నెలకొల్పింది. జంతువులు దగ్గర నుంచి వచ్చినా దూరం నుంచి వచ్చినా, వచ్చిన మర్నాడే పని మొదలుపెట్టకూడదు. కనీసం వారం రోజులు కొత్త గదికి, కొత్త నీటికి, కొత్త మనుషుల వాసనకు అలవాటు పడనివ్వాలి. ప్రయాణపు బడలికలో బరువు తగ్గిన చిట్టెలుకలో కణితి పెరుగుదల కూడా తేడాగా ఉంటుంది.

ఏ చిట్టెలుక

చర్మాన్ని ఒక జంతువు నుంచి మరొక జంతువుకు మారిస్తే ఏమవుతుందో తెలుసుకునే క్రమంలోనే రోగనిరోధక శాస్త్రం చాలావరకు ఎదిగింది. పీటర్ మెడవార్ 1960లో నోబెల్ అందుకున్నది ఈ రంగంలోని కృషికే. ఆయన మార్గం నుంచి మనకు అందిన ఆచరణ సూత్రం ఒక్కటే: ఇచ్చే జంతువు, పుచ్చుకునే జంతువు ఒకే శుద్ధ వంశానికి చెందితే అతుకు నిలుస్తుంది, లేకపోతే ఊడిపోతుంది. నల్లటి సి57బిఎల్/6 చిట్టెలుక చర్మాన్ని తెల్లటి బాల్బ్/సి వీపు మీద అతికిస్తే మొదటి వారం అంతా బాగానే కనిపిస్తుంది. కొత్త రక్తనాళాలు కూడా వస్తాయి. ఆ తరువాత రంగు మారి, ఎండి, సుమారు 10 నుంచి 14 రోజుల్లో పెచ్చులా లేచిపోతుంది.

ఒకే వంశమైనా ఒక చిక్కు మిగిలి ఉంటుంది. మగ చిట్టెలుక కణాల్లో వై క్రోమోజోము వల్ల తయారయ్యే ప్రోటీన్లను ఆడ చిట్టెలుక పరాయివిగా గుర్తిస్తుంది. 1955లో ఐక్‌వాల్డ్, సిల్మ్‌సర్ అనే శాస్త్రవేత్తలు గమనించిన ఈ సంగతిని ఇప్పటికీ చాలామంది మరిచిపోతుంటారు. సి57బిఎల్/6 ఆడవాటికి అదే వంశపు మగ చర్మాన్ని అతికిస్తే కొన్ని వారాల్లో తిరస్కరణ జరుగుతుంది. కాబట్టి ఆడ చర్మాన్ని ఆడవాటికే అతికించండి, లేదా ఆడ చర్మాన్ని మగవాటికి అతికించండి. మగ చర్మాన్ని ఆడవాటికి మాత్రం అతికించకండి. మగవాటిని ఒకే పంజరంలో ఉంచితే పోట్లాడుకుని ఒకదాని వీపు ఒకటి కొరుక్కుంటాయి కనుక, చర్మం మీద పనికి ఆడ జంతువులే అన్ని విధాలా సుఖం.

మనిషి కణాలను నాటాలంటే రోగనిరోధక శక్తి లోపించిన చిట్టెలుక కావాలి. వాటిలో మెట్లు ఉన్నాయి. 1960ల్లో గుర్తించిన న్యూడ్ చిట్టెలుకకు వెంట్రుకలూ ఉండవు, పనిచేసే థైమస్ గ్రంథీ ఉండదు. అందువల్ల టి-కణాలు లేకపోయినా సహజ హంతక కణాలు మాత్రం చురుకుగానే ఉంటాయి. స్కిడ్ చిట్టెలుకలో టి-కణాలతో పాటు బి-కణాలు కూడా లోపిస్తాయి, వయసు పైబడే కొద్దీ కొన్నిటిలో అవి కొద్దికొద్దిగా తిరిగి కనిపిస్తాయి. ఎన్ఎస్‌జీ అనే రకంలో టి, బి, సహజ హంతక కణాలు మూడూ ఉండవు. ఈ తేడా ఎంత పెద్దదో 2008లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మెలనోమా (చర్మంలోని రంగు కణాల కాన్సర్) పరిశోధన చూపించింది. అంతకు ముందు స్కిడ్ తరహా చిట్టెలుకల్లో పరీక్షించినప్పుడు కణితిని పుట్టించగల మెలనోమా కణాలు లక్షల్లో ఒకటి మాత్రమే అనిపించాయి. ఎన్ఎస్‌జీ చిట్టెలుకలో, మాట్రిజెల్‌తో (కణాలకు ఆసరాగా నిలిచే ప్రోటీన్ల జెల్‌తో) కలిపి నాటినప్పుడు రోగుల కణితుల నుంచి తీసిన కణాల్లో దాదాపు నాలుగింట ఒకటి కణితిని పుట్టించింది. కణం గుణమని మనం అనుకున్నది నిజానికి నేల గుణం. కణితి రాలేదు కాబట్టి ఆ కణాలకు ఆ శక్తి లేదని రాసే ముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి.

గొరిగిన చోట చర్మం ఏ రంగులో ఉంది

దీన్ని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. సి57బిఎల్/6 చిట్టెలుక వీపు మీద వెంట్రుకలు తీసేస్తే ఒకదాని చర్మం లేత గులాబీ రంగులో, పక్కదాని చర్మం బూడిద రంగులో కనిపించవచ్చు. అది మురికీ కాదు, జబ్బూ కాదు. ఈ చిట్టెలుకల వీపు చర్మంలో రంగు కణాలు వెంట్రుకల కుదుళ్లలోనే ఉంటాయి కనుక, కుదుళ్లు నిద్రావస్థలో ఉన్నప్పుడు చర్మం గులాబీ రంగులో ఉంటుంది. వెంట్రుక పెరిగే దశ మొదలయ్యాక బూడిద రంగుకు, ఆపై నలుపుకు తిరుగుతుంది. పెరిగే దశలోని చర్మం మందంగా ఉంటుంది, దానికి రక్తప్రసరణ కూడా ఎక్కువ. సుమారు ఏడు వారాల వయసులో వీపు అంతా నిద్రావస్థలో ఉంటుంది. ఆ వయసులో పని మొదలుపెడితే జంతువులన్నీ ఒకే స్థితిలో దొరుకుతాయి. వయసు పెరిగాక ఒకే వీపు మీద మచ్చలు మచ్చలుగా వేర్వేరు దశలు కనిపిస్తాయి.

మెలనోమా నాటేవారికి దీనితో మరొక ఇబ్బంది కూడా ఉంది. బి16 అనే మెలనోమా కణాల నుంచి పెరిగే నల్లటి కణితి చర్మం కింద మొదట నీలి నలుపు చుక్కలా కనిపిస్తుంది. వెంట్రుకలు మళ్లీ మొలిచే చోట వచ్చే బూడిద మచ్చ కూడా దూరం నుంచి అలాగే ఉంటుంది. కంటితో చూసి కణితి వచ్చిందని రాయకుండా, వేలి కొసతో తాకి, కింద గట్టిగా బియ్యపు గింజలా తగులుతోందో లేదో నిర్ధారించుకోవాలి. వెంట్రుకలను క్లిప్పర్‌తో కత్తిరించండి, పీకవద్దు. పీకితే నిద్రపోతున్న కుదుళ్లు మేలుకుని ఆ చోట మాత్రమే పెరుగుదల దశ మొదలవుతుంది.

కణాల తయారీ

సి57బిఎల్/6 చిట్టెలుకలో మెలనోమాకు అందరూ వాడే బి16 కణాలు 1954లో జాక్సన్ ప్రయోగశాలలోని అదే వంశపు చిట్టెలుకలో తనంతట తాను పుట్టిన కణితి నుంచి వచ్చాయి. వాటిని తోకసిర ద్వారా ఎక్కించి, ఊపిరితిత్తుల్లో నిలిచిన కణాలను ఏరి, మళ్లీ ఎక్కించి, అలా పది విడతలు చేసి ఐజయా ఫిడ్లర్ 1970ల్లో సాధించినదే బి16-ఎఫ్10. మనిషి చర్మకాన్సర్‌కు న్యూడ్ చిట్టెలుకలో ఎ431, ఎ375 కణాలను ఎక్కువగా వాడతారు. ఏవైనా సరే, జంతువులోకి వెళ్లే ముందు మైకోప్లాస్మా (పెంచే కణాల్లో కంటికి తెలియకుండా చేరే బ్యాక్టీరియా) పరీక్ష తప్పనిసరి. మనిషి కణాలను, చిట్టెలుకల్లో ఒకసారి పెంచి తీసిన కణాలను చిట్టెలుక వైరస్‌ల కోసం కూడా పరీక్షించాలి. ఒక్క సీసా కణాలతో వచ్చిన వైరస్ గదిలోని జంతువులన్నిటికీ పాకిన సందర్భాలు ఉన్నాయి.

కణాలు పాత్రను పూర్తిగా కమ్ముకోక ముందే, 70 నుంచి 80 శాతం నిండినప్పుడు, ముందు రోజు మీడియం మార్చి తీసుకోవాలి. కణాలను పాత్ర నుంచి విడదీసే ఎంజైము ట్రిప్సిన్‌ను ఎక్కువసేపు ఉంచకూడదు. సీరం ఉన్న మీడియంతో ట్రిప్సిన్‌ను ఆపాక, సీరం లేని పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పు ద్రావణంలో) రెండుసార్లు కడగాలి. జంతువులోకి సీరం వెళితే దాని రోగనిరోధక వ్యవస్థ సీరానికే స్పందించడం మొదలుపెడుతుంది.

లెక్క దగ్గర తడబడేవారు ఎక్కువ కనుక ఒక ఉదాహరణ చూద్దాం. పది చిట్టెలుకలకు, ఒక్కోదానికి 100 మైక్రోలీటర్లలో 2 లక్షల బి16-ఎఫ్10 కణాలు ఇవ్వాలి అనుకుందాం. అంటే మిల్లీలీటరుకు 20 లక్షలు. పదింటికి ఒక మిల్లీలీటరు చాలని లెక్క చెబుతుంది కానీ, సిరంజి మూలల్లో, గొట్టం గోడల మీద కొంత పోతుంది కాబట్టి 1.5 మిల్లీలీటర్లు, అంటే 30 లక్షల సజీవ కణాలు సిద్ధం చేసుకోవాలి. కణాలకు సమానంగా ట్రిపాన్ బ్లూ కలిపి లెక్కించే గాజు పలక మీద చూసినప్పుడు నాలుగు మూల గడుల సగటు 45 సజీవ కణాలు వచ్చాయనుకుంటే, దాన్ని పలుచనకు 2తో, గడి పరిమాణానికి 10,000తో గుణిస్తే మిల్లీలీటరుకు 9 లక్షలు. 30 లక్షలకు సుమారు 3.3 మిల్లీలీటర్లు తీసి, సెంట్రిఫ్యూజ్‌లో 300 జీ (గురుత్వానికి 300 రెట్ల బలం) వద్ద ఐదు నిమిషాలు తిప్పి, అడుగున చేరినదాన్ని 1.5 మిల్లీలీటర్ల పీబీఎస్‌లో కలపాలి. నీలం రంగు పీల్చుకున్న చనిపోయిన కణాలు పదింట ఒకటి కంటే ఎక్కువ ఉంటే ఆ రోజుకు పని ఆపేయండి. చచ్చిన కణాలను లెక్కలోంచి తీసివేసి సంఖ్య సరిచేయవచ్చు గానీ, అవి రేపే వాపును లెక్కలోంచి తీయలేం.

నా మొదటి ప్రయోగంలో కణితుల పరిమాణం పంజరాల వరుసను అనుసరించింది. మొదటి పంజరంలో చిన్నవి, చివరి పంజరంలో పెద్దవి. మందు పనిచేస్తోందేమో అని రెండు రోజులు సంబరపడ్డాను కూడా. అసలు సంగతి ఏమిటంటే, ఐస్‌లో నిలబెట్టిన గొట్టంలో కణాలు మెల్లగా అడుగుకు దిగిపోయాయి. నేను పైనుంచి తోడుతూ వచ్చాను. ముందు వచ్చినవాటికి పలుచటి తేట, చివర వచ్చినవాటికి చిక్కటి మడ్డి దక్కాయి. అప్పటి నుంచి ప్రతిసారీ సిరంజిలోకి తీసే ముందు గొట్టాన్ని నెమ్మదిగా పైకి కిందికి తిప్పుతాను. జంతువులను ఏ గుంపులో వేయాలో కూడా నాటే వరుసను బట్టి కాక చీటీ తీసి నిర్ణయిస్తాను. కణాలను తీసిన గంటలోపు నాటడం ముగించాలి.

మాట్రిజెల్ వాడేటట్టయితే ముందు రాత్రే దాన్ని ఫ్రిజ్‌లో ఐస్ మీద పెట్టి కరగనివ్వాలి. గది వేడికే అది గడ్డ కడుతుంది కాబట్టి పిపెట్ కొసలు, గొట్టాలు, సిరంజిలు అన్నీ చల్లబరిచి ఉంచుకుని, కణాలతో సమభాగాలుగా కలిపి వెంటనే ఇవ్వాలి. బి16కు ఇది అక్కర్లేదు. నెమ్మదిగా పెరిగే మనిషి కణాలను 10 నుంచి 50 లక్షల వరకు నాటేటప్పుడు మాత్రం బాగా ఉపకరిస్తుంది.

చర్మం కిందా, చర్మం లోపలా

ఆవు ఒంటి మీద ఈగ వాలితే ఆ చోట చర్మం మాత్రమే గబగబా అదరడం అందరం చూసే ఉంటాం. అలా అదిలించే పలుచటి కండర పొర చిట్టెలుకకు కూడా చర్మానికి అంటుకుని ఉంటుంది. మనిషికి దాదాపు లేదు. చిట్టెలుక చర్మం ఒంటి మీద వదులుగా జారడానికి, గాయాలు ముడుచుకుపోయి త్వరగా మూసుకోవడానికి ఆ పొర ఒక కారణం. నాటేవారికి ఇది కొండగుర్తు. ఆ కండర పొరకు కింద ఉన్న జారుడు ఖాళీలో దించితే చర్మం కింద నాటినట్టు. దానికి పైన, అంతశ్చర్మంలో (చర్మపు పైపొర కింద ఉండే మందపాటి పొరలో) దించితే చర్మం లోపల నాటినట్టు. నిజమైన చర్మకాన్సర్ పుట్టే చోటు రెండోది. మొదటిది తేలిక, కొలవడానికి అనువు. అందుకే ఎక్కువమంది దాన్నే వాడతారు.

చర్మం కింద నాటడానికి కుడి డొక్క పైభాగాన్ని ముందు రోజే క్లిప్పర్‌తో శుభ్రం చేసి ఉంచుకోవాలి. ఐసోఫ్లూరేన్ మత్తు ఇవ్వగలిగితే మంచిది; మొదట 3 నుంచి 4 శాతంతో నిద్రపుచ్చి, తరువాత 1.5 నుంచి 2 శాతం మీద నిలపవచ్చు. స్పిరిట్ దూదితో ఒకసారి తుడిచి, ఆరనిచ్చి, బొటనవేలు చూపుడువేలితో చర్మాన్ని గుడారంలా పైకి లేపి, 26 లేదా 27 గేజి సూదిని కొస నోరు పైకి ఉండేలా గుడారం మొదట్లో గుచ్చాలి. లోపల సూది కొసను కొద్దిగా అటూ ఇటూ కదిపితే అడ్డు లేకుండా జారాలి. పట్టినట్టు అనిపిస్తే చర్మంలోనో కండరంలోనో ఉన్నట్టు. సగం సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు వరకు ముందుకు తీసుకెళ్లి, మెల్లగా నొక్కితే కంది గింజంత బుడిపె లేస్తుంది. అక్కడ అయిదారు సెకన్లు ఆగి, సూదిని చిన్నగా మెలితిప్పుతూ వెనక్కి లాగాలి. గుచ్చిన రంధ్రం నుంచి బుడిపె దూరంగా ఉండటం వల్లే కణాలు బయటికి కారవు. కారినట్టు కనిపిస్తే వెంటనే నోట్ పుస్తకంలో రాయండి. తరువాత ఆ కణితి చిన్నగా ఎందుకు వచ్చిందో ఆ రాత ఒక్కటే చెబుతుంది.

చర్మం లోపల నాటేటప్పుడు చర్మాన్ని లేపకూడదు, సాగదీసి పట్టుకోవాలి. ఇన్సులిన్ సిరంజి సూదిని చర్మానికి దాదాపు సమాంతరంగా పెట్టి, కొస నోరు మునిగేంత వరకే పోనిచ్చి, 50 మైక్రోలీటర్లకు మించకుండా ఇవ్వాలి. సరిగా పడితే తెల్లగా, బిగుతుగా, దోమ కుట్టిన దద్దులా లేస్తుంది, నొక్కేటప్పుడు వేలికి ఎదురు ఒత్తిడి తెలుస్తుంది. ఒత్తిడి లేకుండా సాఫీగా పోయిందంటే కిందికి జారిపోయినట్టే. ఈ చేతిపనిని మొదట చనిపోయిన జంతువు మీద, నీలం రంగు నీటితో సాధన చేసి, వెంటనే చర్మాన్ని తిరగేసి రంగు ఏ పొరలో ఉందో చూసుకోవాలి. పది జంతువుల గురించి చదివినదానికంటే అలా ఒకసారి చూసినది ఎక్కువ నేర్పుతుంది.

కణితి ముక్కలను నాటడం

రోగి నుంచి తీసిన కణితినైనా, డీఎంబీఏ, టీపీఏ అనే రసాయనాలు పూసి చిట్టెలుక వీపు మీద పుట్టించిన కణితినైనా కణాలుగా విడదీయకుండా ముక్కలుగానే నాటడం మేలు, ఎందుకంటే కణాల అల్లిక, మధ్యలోని బంధన కణజాలం కొంత వరకైనా అలాగే వస్తాయి. దాత కణితి సెంటీమీటరు దాటక ముందే తీసుకోవాలి. ఇంకా పెద్దదైతే నడుమ కుళ్లి ఉంటుంది. చల్లటి మీడియంలో ఉంచి, పాలిపోయి మెత్తగా ఉన్న నడిమి భాగాన్ని పారేసి, అంచుల్లోని మెరిసే లేత భాగాన్ని 2 నుంచి 3 మిల్లీమీటర్ల ముక్కలుగా పదునైన బ్లేడుతో కోయాలి. కత్తెరతో కోస్తే నలిగిపోతుంది.

పూర్తి మత్తు ఇచ్చాకే కోత పెట్టాలి. కెటమిన్ కిలో బరువుకు 80 నుంచి 100 మిల్లీగ్రాములు, జైలజిన్ 10 మిల్లీగ్రాములు కలిపి పొట్టలోకి ఇవ్వడం వాడుకలో ఉన్న పద్ధతి. 20 గ్రాముల చిట్టెలుకకు అది 2 మిల్లీగ్రాముల కెటమిన్, 0.2 మిల్లీగ్రాముల జైలజిన్. ఇంత కొద్ది పరిమాణాన్ని నేరుగా తీయడం కష్టం కాబట్టి, 10 గ్రాముల బరువుకు 0.1 మిల్లీలీటరు వచ్చేలా సెలైన్‌లో పలుచన చేసి పెట్టుకోవాలి. కాలివేళ్లను గిల్లి చూస్తే కాలు వెనక్కి తీసుకోకూడదు. ఈ మత్తులో కళ్లు తెరిచే ఉంటాయి కనుక కంటి లేపనం రాయకపోతే కంటి పైపొర ఎండిపోతుంది. మత్తు దిగేవరకు 37 డిగ్రీల వెచ్చటి పలక మీద ఉంచాలి. ఇంత చిన్న ఒంటిలో వేడి ఇట్టే పోతుంది, మత్తు కంటే చలితో చనిపోయే జంతువులే ఎక్కువ. నొప్పి మందును కోతకు ముందే ఇవ్వాలి. మెలాక్సికామ్ కిలోకు 5 మిల్లీగ్రాములు ఇస్తుంటారు. మీ సంస్థ పశువైద్యుని మాటే చివరి మాట.

డొక్క మీద 3 నుంచి 4 మిల్లీమీటర్ల కోత పెట్టి, మొద్దు కొస కత్తెరతో చర్మం కింద చిన్న సంచిలా చేసి, ముక్కను మాట్రిజెల్‌లో ముంచి సంచి చివరకు నెట్టి, ఒక క్లిప్పుతో గాని కుట్టుతో గాని మూయాలి. కోతకు నేరుగా కింద ముక్క ఉంటే మానేటప్పుడు బయటికి నెట్టుకొస్తుంది. రోగుల కణితులు నెలల తరబడి కనిపించకపోవచ్చు కాబట్టి, తొందరపడి ముగించవద్దు. కనిపించాక కూడా ముందు సూక్ష్మదర్శినిలో చూడాలి, ఎందుకంటే ఎన్ఎస్‌జీ చిట్టెలుకలో ముక్కతో పాటు వచ్చిన మనిషి లింఫ్ కణాలు, వాటిలో నిద్రాణంగా ఉన్న ఈబీ (ఎప్‌స్టీన్-బార్) వైరస్ వల్ల, అసలు కణితి స్థానంలో లింఫోమాగా పెరిగిన సందర్భాలు ఉన్నాయి. కణితిని ఒక చిట్టెలుక నుంచి మరొకదానికి మార్చి నాటడాన్ని ఒక తరం అంటారు; కొన్ని తరాలు మారేసరికి కణితిలోని మనిషి రక్తనాళాల, బంధన కణజాలాల చోటును చిట్టెలుకవే ఆక్రమిస్తాయి. ఈ తరాల సంఖ్య రాసుకోకుండా నడిపే కణితి ఏమిటో చివరకు నడిపేవారికే తెలియదు. ప్రతి తరంలోనూ కొన్ని ముక్కలను, గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే డీఎంఎస్‌ఓ కలిపిన ద్రవంలో ఘనీభవింపజేసి దాచాలి.

రసాయనాలతో పుట్టిన పులిపిరి లాంటి పాపిలోమాలు చర్మం కింద నాటితే సాధారణంగా నిలవవు. ముదిరిన కార్సినోమాలు నిలుస్తాయి. పాపిలోమా కణాలకు పక్కన అంతశ్చర్మం, పైన గాలి ఉండే సహజమైన చోటు కావాలి. ఆ చోటు కల్పించేదే కింది పద్ధతి.

సిలికాన్ గూటిలో చర్మాన్ని మళ్లీ కట్టడం

నాకు ఈ పనులన్నిటిలో ఇష్టమైనది ఇదే. విడివిడి కణాల ముద్ద నుంచి వెంట్రుకలతో సహా చర్మం తిరిగి రావడం ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఒకటి నుంచి మూడు రోజుల పిల్లల నుంచి, నీతి సంఘం ఆమోదించిన పద్ధతిలో ప్రాణం తీశాక, ఒంటి చర్మాన్ని తీసి, అంతశ్చర్మం కిందికి ఉండేలా 0.25 శాతం ట్రిప్సిన్ మీద తేల్చి, 4 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచాలి. ఎక్కడైనా మడత పడితే అక్కడ ట్రిప్సిన్ అందదు, మర్నాడు ఆ మడత చోటే చిరుగుతుంది. ఉదయం రెండు చిమ్టాలతో పట్టి లాగితే తడి కాగితం మీది పొరలా బాహ్యచర్మం అంతా ఒక్క ముక్కగా వచ్చేస్తుంది. దాన్ని సన్నగా తరిగి, కలిపి, వడకడితే కెరటినోసైట్లు, అంటే బాహ్యచర్మపు కణాలు, వస్తాయి. మిగిలిన అంతశ్చర్మాన్ని 37 డిగ్రీల వద్ద కొల్లాజినేజ్ అనే ఎంజైములో అరగంట ఉంచితే ఫైబ్రోబ్లాస్టులు (బంధన కణజాల కణాలు), వెంట్రుక కుదుళ్లు విడివడతాయి.

కెరటినోసైట్లను కొద్ది రోజులు పెంచి, జన్యువు మార్చి నాటాలనుకుంటే మీడియంలో కాల్షియం 0.05 మిల్లీమోలార్ దగ్గరే ఉండాలి. 0.1 దాటితే అవి విభజన మాని, పరిపక్వత వైపు తిరిగిపోతాయి. మామూలు సీరంలోనే అంతకంటే ఎక్కువ కాల్షియం ఉంటుంది కనుక, కీలెక్స్ రెజిన్‌తో కాల్షియం తీసేసిన సీరం వాడాలి. మీడియం సీసా మీద రాసిన అంకె చూసి సీరం సంగతి మరిచినవారి కణాలు రెండో రోజుకే బల్లపరుపుగా, చేప పొలుసుల్లా మారి ఎదురొస్తాయి.

న్యూడ్ చిట్టెలుక వీపు మీద మత్తులో చిన్న గుండ్రటి చర్మపు ముక్క తీసి, కింది పొరకు గాయం కాకుండా, టోపీ ఆకారపు సిలికాన్ గూటి అంచును చర్మం కిందికి దూర్చాలి. సుమారు 50 లక్షల కెరటినోసైట్లను, వాటికంటే కొంచెం ఎక్కువగా అంతశ్చర్మ కణాలను కలిపి, చిక్కటి ముద్దగా గూటి రంధ్రంలోంచి దించాలి. అంతశ్చర్మ కణాలు లేకుండా కెరటినోసైట్లు మాత్రమే వేస్తే నిలకడైన చర్మం రాదు, వెంట్రుకలు అసలే రావు. కాన్సర్‌ను ప్రేరేపించే రాస్ జన్యువు మారిన కెరటినోసైట్లు కణితులుగా ఎదగాలా, అణిగి ఉండాలా అన్నది కూడా పక్కనున్న మామూలు కణాల పాలు మీద ఆధారపడుతుంది. కాబట్టి ఈ పాళ్లు ప్రయోగంలో భాగమే, తోచినట్టు మార్చకూడదు. వారం తరువాత గూడు తీసేస్తే తడిగా మెరిసే పలుచటి పొర కనిపిస్తుంది, అది ఎండి పెచ్చు కడుతుంది. మూడు నాలుగు వారాలకు నున్నటి వీపు మీద నడుమ ఒక్క చోట వెంట్రుకల కుచ్చు లేస్తుంది.

చర్మపు ముక్కనే అతికించేటప్పుడు

తయారైన చర్మాన్ని అతికించే పనిలో మెళకువ అంతా పరుపు సిద్ధం చేయడంలో ఉంది. పుచ్చుకునే చోట సెంటీమీటరు చదరం చర్మం తీసేటప్పుడు కింది రక్తనాళాల పొరను గీరకూడదు. నెత్తురు చిమ్మితే అతుకు కింద గడ్డ కట్టి, దాన్ని పైకి లేపి చంపుతుంది. దాత చర్మానికి లోపలి వైపు కొవ్వును గీరి తీయాలి, వెంట్రుకలు వాలే దిక్కును తిప్పి అతికించాలి. తరువాత ఏది అతుకో, ఏది సొంత చర్మమో ఆ ఎదురు వాలే చెబుతుంది. వేజలిన్ గుడ్డ పరిచి, ఒంటి చుట్టూ కట్టు కట్టాలి. బిగిస్తే ఊపిరి ఆడదు, వదిలితే తెల్లారేసరికి పంజరం మూల పీలికలై ఉంటుంది. ఈ జంతువులను కట్టు విప్పేవరకు, అంటే ఏడెనిమిది రోజులు, విడివిడిగా ఉంచాలి.

కొలతలు, ముగింపు ఎప్పుడు

నాటిన మర్నాడు నుంచే రోజూ చూడాలి. బి16-ఎఫ్10 కణితి సాధారణంగా వారం పది రోజుల్లో వేలికి తగులుతుంది, ఆ తరువాత రోజురోజుకూ పెరిగి మూడు వారాల్లోపు ముగించవలసి వస్తుంది. వెర్నియర్ కాలిపర్‌తో పొడవును, దానికి అడ్డంగా వెడల్పును కొలిచి, పొడవును వెడల్పు వర్గంతో గుణించి సగం చేస్తే ఘనపరిమాణం వస్తుంది. పొడవు 10, వెడల్పు 8 మిల్లీమీటర్లయితే 320 ఘన మిల్లీమీటర్లు. అదే వెడల్పును 9 అని చదివితే 405. కాలిపర్‌ను ఒక్క మిల్లీమీటరు వదులుగా పట్టినందుకు కణితి పావు వంతుకు పైగా పెరిగిపోయింది. అందుకే మొదటి రోజు నుంచి చివరి రోజు వరకు ఒకే మనిషి, ఏ జంతువుకు ఏ మందు అందుతోందో తెలియకుండా కొలవాలి.

ఎప్పుడు ముగించాలన్నది ప్రయోగం మొదలవక ముందే ఫారంలో రాసి ఉండాలి. సంస్థను బట్టి అంకెలు మారతాయి. చాలాచోట్ల 2000 ఘన మిల్లీమీటర్లు దాటనివ్వరు, ఒంటి బరువులో ఐదో వంతు తగ్గినా కొనసాగనివ్వరు. బరువు చూసేటప్పుడు కణితి బరువు కూడా అందులో కలిసి ఉందని మరవకూడదు. పెరిగే కణితి చిక్కిపోతున్న ఒంటిని కప్పిపుచ్చుతుంది. వెన్నెముక వేళ్లకు ఎంత గరుకుగా తగులుతోందో చూస్తే నిజం తెలుస్తుంది. కణితి పైచర్మం పగిలి పుండైనా, వెనక కాలు ఈడుస్తున్నా, గూడు కట్టుకోవడం మాని మూల ముడుచుకున్నా అంకె కోసం ఎదురుచూడకూడదు. ఒక్క బిందువు గ్రాఫ్ మీద మిగుల్చుకుందామని వారాంతం దాటనిచ్చినవారిని చూశాను. ఆ బిందువు ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు.

ప్రాణం తీశాక కణితిని తూకం వేసి, ఒక సగం ఫార్మలిన్‌లో, మిగతాది ద్రవ నత్రజనిలో పెట్టాలి. చంక, గజ్జ లింఫ్ గ్రంథులను, ఊపిరితిత్తులను కూడా తీసి చూడాలి. బి16 అక్కడికి చేరి ఉంటే గులాబీ రంగు ఊపిరితిత్తి మీద మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కంటికే కనిపిస్తాయి. సీసాలోపల వేసే కాగితం చీటీ మీద జంతువు సంఖ్యను, తేదీని పెన్సిల్‌తోనే రాయండి. పెన్ను సిరా తరువాత స్పిరిట్‌లోకి మార్చేటప్పుడు కరిగిపోతుంది.